పంటు మీద గోదావరి

మన పాతబస్తీ వాళ్ళకి ఏరు దాటడం పెద్ద పనేం కాదు. చార్మినారు కంటే ముందే, 1578లో, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో మూసీ మీద పురానాపూల్ వెలిసిందాయె. కోనసీమ ఆడపడుచులకి ఆ భాగ్యం ఎక్కడిదండీ! యానాం, ఎదుర్లంకల మధ్య గౌతమి మీద 2002లో వంతెన పడేదాకా పంటే దిక్కు. పడవల్ని జతకట్టి, పైన బల్లలు పరిస్తే అదే పంటు. కార్లూ, పెళ్ళివారూ, పురిటికి బయల్దేరిన పిల్లలూ అందరూ దానిమీదే. వరదొస్తే పంటు ఆగేది, నొప్పులు ఆగుతాయా? కాకినాడ ఆసుపత్రి అవతలి గట్టునాయె!

ఆ వంతెనకి లోక్‌సభ స్పీకరు బాలయోగిగారి పేరు పెట్టారు. ఉండవలసిందే. మరి అన్నేళ్ళూ మన బిడ్డల్ని గట్టు చేర్చిన సరంగుల పేర్లు? కనీసం మన మాటల్లోనైనా వాళ్ళని తలుచుకుందాం.