వెబ్లీనా, కాన్పూరుదా? మా బావ ఇంటి రివాల్వర్ల కథ

పోయిన నెల మీటింగు అయినాక కాఫీ దగ్గర ఒక తమ్ముడు అడిగినాడు. "అన్నా, వెంకటమ్మనహళ్లిలో మీ బావ ఇంట్లో ఇంగ్లీషోళ్ల పిస్తోలు ఉండేదంట కదా. దాన్ని వదిలేసి కాన్పూరు డూప్లికేటు పెట్టుకున్నారంట, ఎందుకు?" అని. నిలబడి చెప్పే కథ కాదు, రాస్తామని మాటిచ్చినాము. మేము చదివింది తమిళ మీడియం. తెలుగు రాత అమ్మ దగ్గర నేర్చుకున్నది. తప్పులుంటే సర్దుకొని చదవండి.

ముందు ఒక మాట. అది పిస్తోలు కాదు, రివాల్వరు. ఆరు తూటాలు పట్టే చక్రం తిరిగేది రివాల్వరు. పిడిలో మేగజీను దోపేది పిస్తోలు. మన పావగడ వైపు రెండిటినీ పిస్తోలే అంటారు, దానికి తగవు లేదు.

బావ నాయన, అంటే మా మామ, 1950లలో లైసెన్సు తీసుకొని కొన్నది బర్మింగ్‌హామ్ వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ 32 బోరు రివాల్వరు. పైన బొటనవేలితో మీట నొక్కితే నడుముకాడ విరిగినట్టు తెరుచుకుంటుంది, కాలిన తూటా గొట్టాలు అన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి. చిన్నప్పుడు సెలవులకు పోతే మామ దాన్ని విప్పి నూనె గుడ్డతో తుడిచేవాడు, మేము దూరంగా కూర్చొని చూసేవాళ్లం. ఇంట్లో ఇంకొకటి పంట కాపలా తుపాకి, ఒంటి గొట్టం. శెనక్కాయ చేన్లో అడవి పందులకు.

మూడోది ఎందుకొచ్చిందో మన ఊరోళ్లకు చెప్పక్కరలేదు. 2005 ఫిబ్రవరిలో వెంకటమ్మనహళ్లి బడిలో దిగిన రిజర్వు పోలీసుల మీద రాత్రిపూట నక్సలైట్లు దాడి చేసినారు. పోలీసు పిల్లలు చనిపోయినారు. ఆ తర్వాత ఊళ్లో చాన్నాళ్లు దీపాలు పెందలాడే ఆరిపోయేవి. బావ ఆ భయంలోనే కాన్పూరు ఫ్యాక్టరీ 32 బోరు రివాల్వరు కొన్నాడు. దాన్ని ఒక్కసారి కూడా ఎవరి మీదకీ ఎత్తింది లేదు.

ఇట్లుండగా 2019 డిసెంబరులో ఆయుధాల చట్టం మారింది. అంతకుముందు ఒక మనిషి మూడు పెట్టుకోవచ్చు, ఇప్పుడు రెండే. మూడోదాన్ని ఏడాది లోపల స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి. పంట తుపాకి వదిలితే చేను పోతుంది. కాబట్టి తగవంతా రెండు రివాల్వర్ల మధ్యనే.

మేనల్లుడు వెబ్లీ అన్నాడు. 1980ల మధ్య నుంచి మామూలు జనానికి విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది, అందుకే పాత సీమ సరుకుకు ఎక్కడలేని ధర. మేమూ వెబ్లీ వైపే నిలబడినాము. ధర కోసం కాదు. అసలుండగా నకలు ఎవరైనా పెట్టుకుంటారా అని మా వాదన. ముప్పై ఐదేళ్లు పార్సిల్ ఆఫీసులో కూర్చున్నోళ్లం, ఒరిజినల్ చీటీ అంటించుకొని వచ్చే డూప్లికేటు సరుకును ఎంత చూడలేదు!

బావ మాత్రం, "నువ్వు రైల్వేలో ఉండి ఈ మాటంటావా?" అన్నాడు. ఆయన అన్నది మా డీజిల్ ఇంజన్ గురించి. డబ్ల్యూడీఎం-2 మొదటివి 1962లో అమెరికా ఆల్కో కంపెనీ నుంచి వచ్చినాయి. 1964 నుంచి వారణాసిలో మనమే చేసినాము. దేశమంతా లాగింది వారణాసివే. వాటిని డూప్లికేటు అన్న డ్రైవరును మేము చూడలేదు. దానికి మా దగ్గర జవాబుంది. ఆల్కో డ్రాయింగులు ఇచ్చింది, అనుమతితో చేసినారు. అనుమతితో చేసింది వేరు, విప్పి కొలిచి చేసింది వేరు.

ఈ మాట అని ఇంటికొచ్చినాక మాకే నిలకడ లేదు. విప్పి కొలిచి చేసిందంతా తక్కువేనా? 1962 చైనా యుద్ధంలో మన జవాన్లలో చాలామంది చేతుల్లో ఉన్నది బోల్టు లాగి ఒక్కో గుండు పేల్చే 303 రైఫిలు. బెల్జియం ఎఫ్ఎన్ కంపెనీ ఎఫ్ఏఎల్ రైఫిలుకు లైసెన్సు బేరం కుదరలేదు. మనోళ్లు శాంపిళ్లు విప్పి, కొలిచి, సొంతంగా గీసుకొని ఇషాపూర్ ఫ్యాక్టరీలో ఎస్ఎల్ఆర్ చేసినారు. బెల్జియం వాళ్లు గొడవపెడితే, వాళ్ల దగ్గర మరికొన్ని ఆయుధాలు కొనే ఒప్పందంతో సర్దుబాటైంది. మన మిలిటరీ, పోలీసులు ఏళ్ల తరబడి మోసింది ఆ ఎస్ఎల్ఆర్‌నే. అయితే దాంట్లో ఒక చిక్కుంది. బెల్జియం మిల్లీమీటర్ల కొలతా కాదు, ఇంగ్లండు అంగుళాల కొలతా కాదు, చాలా భాగాలు ఒకదానివి ఇంకొకదానికి పట్టవు. నకలుకు దాని సొంత విడిభాగాలే కావాలి. ఈ ముక్క మాకు తర్వాత పనికొచ్చింది.

ఇంకా తవ్వితే తమాషా. ఆ వెబ్లీ కంపెనీనే వాళ్ల సర్కారు నకలు కొట్టింది! మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండు మిలిటరీకి 38 బోరు రివాల్వరు కావాలంటే వెబ్లీ తన నమూనా చూపించింది. సర్కారు దాన్ని కొద్దిగా మార్చి ఎన్‌ఫీల్డులో తన ఫ్యాక్టరీలోనే చేసుకుంది. కంపెనీ 2,250 పౌండ్లు అడిగి కోర్టుకెక్కితే, డిజైను మాదే అని సర్కారు వాదించింది. ఆ కేసు పోయింది. చివరికి కొత్త యంత్రాలు కనిపెట్టినవాళ్లకు ఇనాములిచ్చే కమిషన్ 1,250 పౌండ్లు ఇప్పించింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఎన్‌ఫీల్డు సరుకు చాలక మళ్లీ వెబ్లీ దగ్గరే కొన్నారు. మన కాన్పూరు 32 రివాల్వరూ ఆ వెబ్లీ మార్క్ 4 నమూనాలోదే. ఇప్పుడు వెబ్లీ పేరుతోనే ఉత్తరప్రదేశ్ హర్దోయి జిల్లాలో రివాల్వర్లు చేస్తున్నారు. ఇక అసలు అంటే ఏది? బర్మింగ్‌హామ్‌లో పుట్టిందా, పేరున్నదా?

ఇంకో రకం నకలుంది, దాన్ని ఈ వరసలో చేర్చకూడదు. బీహార్ ముంగేర్‌లో మీర్ ఖాసిం కాలం నుంచి తుపాకుల పనోళ్లు ఉన్నారంటారు. లైసెన్సుతో చేసేవాళ్లూ ఉన్నారు, దొంగచాటుగా చేసి మీద మేడ్ ఇన్ యూఎస్ఏ అని కొట్టేవాళ్లూ ఉన్నారు. ఆ రెండోవి పేలితే ఎవరి చెయ్యి పోతుందో చెప్పలేము.

తేడా ఎక్కడంటే నాళం మీద ముద్రలో. బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి ప్రూఫ్ హౌస్ ఉంది. మామూలు కన్నా ఎక్కువ మందు దట్టించి పేల్చి చూసి, తట్టుకుంటేనే ముద్ర కొడతారు. మామ రివాల్వరు మీద ఆ ముద్ర ఉండేది. మన ఫ్యాక్టరీ సరుకుకూ పరీక్ష ఉంది, ముద్ర ఉంది. దొంగ సరుకుకు ముద్ర ఉండదు, ఉన్నా అదీ దొంగదే.

2020లో లాక్‌డౌన్ సడలినాక రెండిటినీ ఒక డీలరు దగ్గరికి తీసుకుపోయినాము. ఆయన వెబ్లీ తెరిచి, చక్రం తిప్పి, వెలుతురుకు పట్టి చూసి, "లోపల స్ప్రింగు ఎవరేసినారు?" అన్నాడు. బావ గుర్తుచేసుకున్నాడు. మామ ఉన్నప్పుడే స్ప్రింగు విరిగితే సీమ విడిభాగం దొరక్క, ఒక పట్నంలో పనోడు ఏదో ఉక్కు పట్టీ ఆకురాయి పెట్టి అరగదీసి బిగించినాడు, దానికోసం పక్కనున్న భాగాన్నీ రాకినాడు. అప్పట్నుంచి చక్రం నాళానికి సరిగ్గా ఎదురుగా నిలవడం లేదు. వెంట్రుక వాసి పక్కకు. అట్లా పేలిస్తే సీసం పక్కకు చిమ్ముతుంది, ఇంకా చెడితే చక్రమే పగులుతుంది. పైన బర్మింగ్‌హామ్ ముద్ర, లోపల పేరూ ముద్రా లేని నకలు! మేము ఇన్ని రోజులు వాదించింది ఆ పైముద్ర కోసమే.

కాన్పూరుదాన్ని చూసి, పని నాజూకు లేదు, ట్రిగ్గరు గట్టి అన్నాడు. నిజమే, వెబ్లీ నునుపు దానికి రాదు. కానీ చక్రం గట్టిగా నిలుస్తుంది, భాగం పోతే భాగం దొరుకుతుంది.

అత్తకు చెప్పడం కష్టమైంది. ఆమెకు ప్రూఫ్ హౌసూ లేదు, కాన్పూరూ లేదు. "మీ మామ చెయ్యి పడింది అది," అంది. "చేతికి నచ్చకుండా పోతుందనే భయం అత్తా," అన్నాడు బావ. ఆమె మాట్లాడలేదు. రెండు రోజులకు, తీసుకుపోండి అంది.

లైసెన్సు పుస్తకంలో వెబ్లీ నంబరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టి సంతకం పెట్టినారు. తోలు ఒర మాత్రం అత్త ఇవ్వలేదు, డీలరూ అడగలేదు. ఎలక్షన్లు వచ్చినప్పుడు కాన్పూరుదాన్ని స్టేషన్లో డిపాజిట్ చేసేదానికి బావ ఆ ఒరలోనే పెట్టి తీసుకుపోతాడు. కొంచెం వదులంట.