శ్రీహరికోట ప్రయోగ కేంద్రం: అత్యవసర రక్షణ సాంకేతికత

తిరుపతి జిల్లా సూళ్లూరుపేటకు తూర్పున, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట దీవిలోని సతీశ్ ధావన్ అంతరిక్ష కేంద్రం ఉపగ్రహాలను కక్ష్యకు పంపే చోటుగా దేశమంతటికీ పరిచయమే గాని, ప్రయోగం దారి తప్పినప్పుడు ప్రాణాలనూ ఆస్తులనూ కాపాడటానికి అక్కడ అమర్చుకున్న సాధనాల గురించి తెలిసినవారు తక్కువ. కౌంట్‌డౌన్‌ను తనంతట తానే నిలిపివేసే కంప్యూటర్ క్రమం, అదుపు తప్పిన రాకెట్‌ను ఆకాశంలోనే ఛేదించే ఆదేశ వ్యవస్థ, వ్యోమగాములను వాహనం నుంచి లాగివేసే రక్షణ రాకెట్, తుపాను గర్భంలోని గాలివేగాన్ని కొలిచే రాడార్, నడిసముద్రంలోని పడవ నుంచి ఆపద కబురు పంపే చిన్న పెట్టె ఈ కోవలోకి వస్తాయి. వీటన్నిటి వెనుకా ఉన్న సూత్రం ఒక్కటే: ఆపద వచ్చిన క్షణంలో ఆలోచించడానికి వ్యవధి ఉండదు కనుక, ఏ లక్షణం కనిపిస్తే ఏమి చేయాలన్న నిర్ణయాన్ని నిమ్మళంగా ఉన్న రోజుల్లోనే తీసుకుని యంత్రంలోనో, నియమావళిలోనో భద్రపరచాలి.

స్థలం ఎంపికలోనే ఈ ముందుచూపు కనిపిస్తుంది. 1969లో శ్రీహరికోటను ఎంచుకోవడానికి భూమధ్యరేఖకు దగ్గరగా ఉండటం, తూర్పుదిక్కున విశాలమైన సముద్రం ఉండటం, జనసాంద్రత తక్కువగా ఉండటం ముఖ్య కారణాలయ్యాయి. రాకెట్ నుంచి విడివడే దశలు గాని, విఫలమైన వాహనపు శకలాలు గాని నీళ్లలోనే పడాలన్నది ఇందులోని ఆలోచన. 1971 అక్టోబరులో రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో ఇక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. స్థానికులు ‘షార్’ అని పిలిచే ఈ కేంద్రానికి 2002 సెప్టెంబరులో సతీశ్ ధావన్ పేరు పెట్టారు. ఉద్యోగులలో చాలామంది నివసించే సూళ్లూరుపేట నుంచి సరస్సు మీదుగా వేసిన రోడ్డే దీవికి ప్రధాన మార్గం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు ఈ ప్రాంతమంతా నెల్లూరు జిల్లాలో ఉండేది.

ప్రయోగానికి ముందు నిలుపుదల

ప్రయోగపు చివరి నిమిషాలలో రాకెట్ బాధ్యత మనుషుల చేతుల నుంచి స్వయంచాలక ప్రయోగ క్రమానికి మారుతుంది. ఇది వాహనంలోని పీడనాలు, ఉష్ణోగ్రతలు, కవాటాల స్థితి, విద్యుత్ సరఫరా వంటి కొలతలను ఎడతెరిపి లేకుండా చదువుతూ, ముందే నిర్ణయించిన హద్దును ఏ ఒక్కటి దాటినా ఎవరి అనుమతీ కోరకుండా ప్రక్రియను ఆపివేసే కంప్యూటర్ వ్యవస్థ. జీఎస్‌ఎల్‌వీ వాహనంలో దీనికి అదనపు ప్రాముఖ్యం ఉంది. ఆ వాహనపు నడిమి భాగంలో ఘన ఇంధన మోటారు, దాని చుట్టూ నాలుగు ద్రవ ఇంధన ఇంజన్లు ఉంటాయి. ఘన ఇంధనం ఒకసారి అంటుకుంటే దానిని ఆర్పే ఉపాయం లేదు. ద్రవ ఇంజన్‌నైతే ఇంధన సరఫరా ఆపి నిలిపివేయవచ్చు. అందువల్ల ద్రవ ఇంజన్లను దాదాపు ఐదు సెకన్ల ముందు వెలిగించి, నాలుగూ తగినంత బలాన్నిస్తున్నాయని రూఢి చేసుకున్న తరువాతే ఘన మోటారును వెలిగిస్తారు.

ఈ ఐదు సెకన్ల విలువ 2001 మార్చి 28న తేటతెల్లమైంది. తొలి జీఎస్‌ఎల్‌వీ ప్రయోగంలో ఇంజన్లు వెలిగాయి, మంటలు కనిపించాయి. కాని ఒక ద్రవ ఇంజన్ కావలసిన బలాన్ని అందుకోలేదని గుర్తించిన కంప్యూటర్, నడిమి మోటారు అంటుకోకముందే అన్నిటినీ ఆపివేసింది. వాహనం వేదిక మీదే నిలిచిపోయింది. లోపాన్ని సరిచేశాక అదే వాహనం ఏప్రిల్ 18న ఎగిరింది. ఆ లోపాన్ని పట్టుకోవడం మనిషి కంటికి సాధ్యమయ్యేది కాదు, పట్టుకున్నా చేయి కదిలేలోగా ఘన మోటారు వెలిగిపోయేది. దీని తరువాత కూడా నిలుపుదలలు చాలానే జరిగాయి. 2013 ఆగస్టు 19న జీఎస్‌ఎల్‌వీ-డీ5 రెండవ దశ నుంచి ఇంధనం కారుతున్నట్టు తెలియగానే ప్రయోగాన్ని విరమించగా, ఆ వాహనం 2014 జనవరి 5న విజయవంతమైంది. చంద్రయాన్-2 ప్రయోగాన్ని 2019 జూలై 15న గంటలోపు వ్యవధి మిగిలి ఉండగా నిలిపివేసి, వారం తరువాత జూలై 22న జరిపారు. ఇలా ఆగిన రోజులను వైఫల్యాలుగా లెక్కించే అలవాటు సరికాదు. వ్యవస్థ తన పని తాను చేసిన రోజులవి.

గగనంలో ఛేదన

ఎగిరిన తరువాత దారి తప్పిన రాకెట్‌ను ఆపే బాధ్యత రేంజ్ సేఫ్టీ విభాగానిది. రాడార్లు, వాహనం నుంచి వచ్చే సంకేతాలు ఇచ్చే స్థానాన్నీ వేగాన్నీ బట్టి ‘తక్షణ పతన బిందువు’ను కంప్యూటర్లు క్షణక్షణం లెక్కకడతాయి. ఈ క్షణంలో ఇంజన్లు ఆగిపోతే వాహనం ఎక్కడ పడుతుందో ఆ చోటే తక్షణ పతన బిందువు. పటం మీద జనావాసాలకు తగినంత దూరంలో ముందుగానే హద్దు గీతలు గీసి ఉంచుతారు. వాహనం అదుపు తప్పినా, బిందువు హద్దును దాటబోతున్నా రేంజ్ సేఫ్టీ అధికారి రేడియో ఆదేశం పంపుతారు. అప్పుడు దశలకు అమర్చిన పేలుడు పదార్థం మోటారు కవచాన్ని చీల్చి, ఇంధన ట్యాంకులను తెరచివేయడంతో ముందుకు నెట్టే బలం పోయి శకలాలు సముద్రంలో పడతాయి.

2006 జూలై 10న ఇన్‌శాట్-4సీని మోసుకెళ్లిన జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్02లో ఒక ద్రవ ఇంజన్ విఫలం కావడంతోనూ, 2010 డిసెంబరు 25న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్06లో అతిశీతల ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ దశ అడుగున ఉన్న విద్యుత్ అనుసంధానాలు ఊడిపోయి నియంత్రణ సంకేతాలు కింది దశకు చేరకపోవడంతోనూ, ఆ రెండు వాహనాలనూ ఎగిరిన నిమిషం ప్రాంతంలోనే ఛేదించవలసి వచ్చింది. ఏళ్ల తరబడి వందలమంది శ్రమించి నిర్మించిన వాహనాన్ని ధ్వంసం చేసే అధికారం అలా ఒక అధికారి చేతిలో ఉంటుంది. ఆ చేయి వెనుకాడకుండా ఉండేందుకే హద్దులను ముందుగా గీసి పెడతారు.

ఈ నియమానికి చెల్లించే మూల్యం కూడా తక్కువ కాదు. ధ్రువ కక్ష్యకు వెళ్లే పీఎస్‌ఎల్‌వీ నేరుగా దక్షిణానికి ఎగిరితే శ్రీలంక మీదుగా పోవలసి వస్తుంది కనుక, మొదట ఆగ్నేయంగా సాగి ఆపై దక్షిణానికి మలుపు తిరుగుతుంది. ఆ మలుపుకు ఖర్చయ్యే ఇంధనం మేరకు మోయగల బరువు తగ్గుతుంది. చిన్న రాకెట్ల కోసం తమిళనాడులోని కులశేఖరపట్టణంలో 2024 ఫిబ్రవరిలో మరో కేంద్రానికి శంకుస్థాపన జరగడానికి ఈ ఇబ్బంది ముఖ్య కారణం.

నేల మీద ఉన్న ప్రమాదం కూడా అంతే తీవ్రమైనది. 2004 ఫిబ్రవరి 23న ఘన ఇంధన కర్మాగారంలో, పోతపోసిన ఇంధన ఖండంపై పని జరుగుతుండగా అది అంటుకుని ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. ఇంధనాన్ని తాకే పనులను వీలైనంతవరకు మనుషులు దూరం నుంచే నడిపించాలని, ఒక భవనంలో జరిగినది పక్క భవనానికి పాకకుండా భవనాల మధ్య ఎడం ఉంచాలని చెప్పే పేలుడు పదార్థాల పరిశ్రమ నియమాలన్నీ ఇటువంటి నష్టాల నుంచే పుట్టాయి.

వ్యోమగాముల రక్షణ రాకెట్

మానవులను మోసే వాహనంలో ఛేదన ఒక్కటే చాలదు. ముందుగా మనుషులను అందులోంచి తప్పించాలి. వ్యోమనౌక పైన గోపురంలా ఒక చిన్న రాకెట్‌ను నిలిపి, ఆపదలో నౌకను లాగివేయాలన్న ఆలోచనకు అమెరికా మెర్క్యురీ నౌక రూపకర్త మాక్సిమ్ ఫాజే ఆద్యుడు. దాని అవసరం సోవియట్ దేశంలో రుజువైంది. 1983 సెప్టెంబరు 26న బైకనూర్‌లో వేదిక మీదే మంటలంటుకున్న రాకెట్ నుంచి, అది పేలడానికి కొద్ది సెకన్ల ముందు, వ్లాదిమిర్ తితోవ్, గెన్నాదీ స్త్రెకలోవ్‌లను రక్షణ రాకెట్ బయటికి లాగింది. ఆ స్త్రెకలోవే ఆరు నెలల తరువాత, 1984 ఏప్రిల్ 3న, రాకేశ్ శర్మతో కలిసి సోయుజ్ టీ-11లో అంతరిక్షానికి వెళ్లాడు. తొలి భారతీయ వ్యోమగామి సహచరుడు ఈ సాధనం వల్ల బతికి ఉన్నవాడన్న సంగతి మన పాఠ్యపుస్తకాలలోకి ఎక్కవలసినది.

గగన్‌యాన్ మానవ అంతరిక్షయాత్ర కోసం ఇస్రో రూపొందించిన వ్యవస్థను శ్రీహరికోటలో తొలిసారి 2018 జూలై 5 ఉదయం పరీక్షించారు. వేదిక మీదే ప్రమాదం జరిగినట్టు భావించి చేసిన ఆ పరీక్షలో, 12.6 టన్నుల నమూనాను ఏడు ఘన మోటార్లు దాదాపు 2.7 కిలోమీటర్ల ఎత్తుకు లాగగా, 259 సెకన్లలో పరీక్ష ముగిసి, నౌక పారాచూట్లతో తీరానికి 2.9 కిలోమీటర్ల దూరంలో సముద్రంలోకి దిగింది. ఈ మోటార్ల నిర్మాణంలో చెప్పుకోదగిన విశేషం నాళాల అమరిక. మామూలు రాకెట్‌లో నాళం మోటారు అడుగున ఉంటుంది. లాగే రాకెట్ మాత్రం నౌకకు పైన ఉంటుంది కనుక, దాని మంట నేరుగా కింద ఉన్న మనుషుల మీద పడే ప్రమాదం ఉంది. అందుకని తక్కువ ఎత్తులో పనిచేసే మోటారుకు నాలుగు నాళాలను పైకొనలో అమర్చి, వాయువులను పక్కలకు మళ్లించి కిందికి వదులుతారు. ఈ మోటారును 2022 ఆగస్టు 10న శ్రీహరికోటలోనే నేల మీద మండించి పరీక్షించారు.

ఎగురుతుండగా తప్పించుకోవడం వేరే సమస్య. గాలి తాకిడి తీవ్రంగా ఉండే ధ్వనివేగపు పరిసరాలలో వ్యవస్థ ఎలా ప్రవర్తిస్తుందో చూడటానికి 2023 అక్టోబరు 21న టీవీ-డీ1 పరీక్ష జరిగింది. ఎగరడానికి ఐదు సెకన్ల ముందు స్వయంచాలక క్రమం దానిని ఆపివేసింది. కారణం గుర్తించి సరిచేశాక పది గంటలకు వాహనం ఎగిరింది. ధ్వనివేగాన్ని కొద్దిగా మించిన వేగంలో, పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు చేరువలో నౌక విడివడి, సముద్రంలో దిగగా, నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ శక్తి దానిని వెలికితీసింది. అత్యవసర సాధనాన్ని పరీక్షించే ప్రయోగాన్ని మరో అత్యవసర సాధనం ఆపి కాపాడిన రోజు అది.

నౌకను నెమ్మదింపజేసే పది పారాచూట్లను డీఆర్‌డీఓకు చెందిన ఆగ్రా ప్రయోగశాల అభివృద్ధి చేసింది. పైమూతను తొలగించేవి రెండు, వేగాన్ని తగ్గించి ఊగిసలాటను అదుపు చేసేవి రెండు, ప్రధాన పారాచూట్లను బయటికి లాగేవి మూడు, ఆ ప్రధానమైనవి మూడు. ప్రధానమైన మూడింటిలో ఒకటి తెరుచుకోకపోయినా మిగిలిన రెండూ నౌకను క్షేమంగా దించగలవు. హెలికాప్టర్ నుంచి నౌకను జారవిడిచి ఈ వరుసను సరిచూసే పరీక్ష శ్రీహరికోట సమీపంలో 2025 ఆగస్టు 24న జరిగింది.

తుపాను, సముద్రం

సూళ్లూరుపేట తీరానికి రాకెట్ల కన్నా పాత ఆపద తుపాను. 1984 నవంబరు 14న శ్రీహరికోట వద్దనే ఒక తీవ్ర తుపాను తీరం దాటి ఈ ప్రాంతాన్ని అతలాకుతలం చేసింది. అంతకు ఏడేళ్ల ముందు దివిసీమ ఉప్పెన సుమారు పదివేల మందిని బలిగొన్నప్పుడు తెలిసివచ్చిన సంగతి ఏమంటే, హెచ్చరిక తయారుకావడం ఒక ఎత్తు, అది గ్రామానికి చేరడం ఇంకో ఎత్తు. తుపానుకు టెలిఫోన్ తీగలే మొదట తెగిపోతాయి. అందువల్ల 1980లలో ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా నేరుగా తీర గ్రామాల రిసీవర్లకు చేరే తుపాను హెచ్చరిక వ్యవస్థను ముందుగా దక్షిణాంధ్ర, ఉత్తర తమిళనాడు తీరాలలో నెలకొల్పారు. ఆపద పొంచి ఉన్న ప్రాంతాల రిసీవర్లను మాత్రమే ఎంచి మేల్కొలిపి, ముందు సైరన్ మోగించి, ఆపై స్థానిక భాషలో హెచ్చరిక వినిపించడం దీని పద్ధతి. 1990 మే నెలలో వచ్చిన మచిలీపట్నం తుపాను 1977 నాటి దానితో పోల్చదగినంత బలమైనదే అయినా, లక్షలాది మందిని ముందే తరలించడం వల్ల మృతుల సంఖ్య వెయ్యికి లోపే ఉంది.

భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థతో కలిసి ఇస్రో తయారుచేసిన డాప్లర్ వాతావరణ రాడార్ 2004లో శ్రీహరికోటలో పనిచేయడం మొదలుపెట్టింది. వానచినుకులు రాడార్ వైపు వస్తున్నా, దూరంగా పోతున్నా తిరిగివచ్చే తరంగపు పౌనఃపున్యంలో మార్పు కలుగుతుంది. ఆ మార్పును బట్టి, మామూలు రాడార్ చెప్పలేని గాలివేగాన్ని ఇది చెప్పగలదు. 2004 డిసెంబరు సునామీ తరువాత హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో 2007 అక్టోబరులో నెలకొల్పిన సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం కూడా ఈ తీరపు రక్షణ పరిధిలోకే వస్తుంది.

నడిసముద్రంలో ఉన్నవారికి ఇవేవీ నేరుగా అందవు. మొబైల్ సంకేతం అందని చోట చిక్కుకున్న పడవల కోసం ఇస్రో, తీరరక్షక దళం కలిసి ఆపద సంకేత ప్రసారిణిని తెచ్చాయి. 2010 నుంచి వాడుకలో ఉన్న ఈ పెట్టె మీద నిప్పంటుకోవడం, పడవ మునగడం, మనిషి నీళ్లలో పడటం, వైద్యసాయం కావలసిరావడం వంటి ఆపదలను ముందే నిర్ణయించి ఉంచారు. మీట నొక్కగానే పడవ ఉన్న చోటుతో సహా కబురు ఉపగ్రహం ద్వారా బెంగళూరులోని కేంద్రానికీ, అక్కడి నుంచి చెన్నై వంటి చోట్ల ఉన్న తీరరక్షక దళపు సమన్వయ కేంద్రాలకూ చేరుతుంది. కబురు చేరిందో లేదో పంపినవారికి తెలియకపోవడం దీనిలోని పెద్ద లోపం. సాయం వస్తుందా, రాదా అని తెలియని మనిషి పడవను వదిలి ఈదబోవడం వంటి ప్రాణాంతకమైన నిర్ణయాలకు తెగించవచ్చు. 2024 జనవరిలో ఇస్రో ప్రకటించిన రెండవ తరం పెట్టె ఈ లోపాన్ని తీర్చింది: సంకేతం అందినట్టు తీరం నుంచి బదులు వస్తుంది, వాతావరణ హెచ్చరికలు కూడా అదే దారిలో వస్తాయి, బ్లూటూత్‌తో మొబైల్‌కు కలుపుకుంటే ఆ సందేశాలను యాప్‌లో సొంత భాషలోనే చదువుకోవచ్చు.