పీటర్ రేనియర్

పీటర్ రేనియర్ (నవంబరు 24, 1741 - ఏప్రిల్ 7, 1808) బ్రిటిషు రాజ నౌకాదళానికి చెందిన అడ్మిరల్. 1794 నుండి 1805 వరకు హిందూ మహాసముద్రంలోని బ్రిటిషు యుద్ధనౌకలన్నిటికీ ఇతడే అధిపతి. 1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం రేవు ఎదుట ఫ్రెంచి, ఆంగ్ల నౌకల మధ్య జరిగిన పోరు ఇతని హయాంలోనిదే. ఆ పోరులో రేనియర్ స్వయంగా పాల్గొనలేదు. అయినా దాని వెనుకనున్న కారణాలలో ఇతని నిర్ణయాలకు ముఖ్యమైన పాత్ర ఉంది.

తొలి జీవితం

రేనియర్ ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో శాండ్‌విచ్ అనే రేవు పట్టణంలో జన్మించాడు. ఇతని పూర్వీకులు ఫ్రాన్సులో మతపీడనను తప్పించుకొని ఇంగ్లండు చేరిన హ్యూగెనాట్ ప్రొటెస్టంటులు. ఫ్రెంచి వంశంలో పుట్టినవాడు జీవితమంతా ఫ్రెంచివారితోనే యుద్ధం చేయవలసి రావడం చిత్రమే. 1756లో పదిహేనేళ్ళు నిండకముందే నౌకాదళంలో చేరి, 1758 నాటికి కోరమండల్ తీరానికి వచ్చాడు. అదే సంవత్సరం విజయనగరం ప్రభువు పూసపాటి ఆనందగజపతి ఆహ్వానంపై బెంగాలు నుండి సముద్రమార్గాన కల్నల్ ఫోర్డు సేనలు విశాఖపట్నంలో దిగాయి. డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచి సేన ఓడిపోయింది. ఉత్తర సర్కారుల భవితవ్యం నేలమీద ఎంతగా తేలిందో సముద్రంమీద కూడా అంతగానే తేలిందని చెప్పవచ్చు.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో, 1778లో, ఒక అమెరికను నౌకను పట్టుకొనే పోరాటంలో రేనియర్ తీవ్రంగా గాయపడ్డాడు. ఆ సంవత్సరమే కెప్టెన్ హోదా లభించింది. తరువాత బర్ఫోర్డ్ అనే నౌకకు నాయకుడై మళ్ళీ ఇండియాకు వచ్చి, 1782-83లలో ఫ్రెంచి నౌకాధిపతి సుఫ్రెన్‌తో జరిగిన ఐదు యుద్ధాలలోనూ పాల్గొన్నాడు.

తూర్పు సముద్రాలలో

1794లో సఫోక్ అనే 74 ఫిరంగుల నౌకతో రేనియర్ మద్రాసు చేరాడు. అంతకు కొన్ని నెలల ముందే, జూలై 10న, పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు కంపెనీ సేనల చేతిలో మరణించాడు. ఉత్తరాంధ్రలో నేలమీద కంపెనీకి ఎదురు నిలిచే సంస్థానం ఇక లేకపోయింది. మిగిలిన ముప్పు సముద్రం వైపు నుండే.

1795లో డచ్చి దేశం ఫ్రెంచివారి వశం కాగా, ఆసియాలోని డచ్చి స్థావరాల మీద ఆంగ్లేయులు దాడి ప్రారంభించారు. ఆ ఏడాది ఆగస్టులో ట్రింకోమలీ పట్టుబడింది. 1796లో లవంగాలకు, జాజికాయలకు పేరుపొందిన అంబోయినా, బాందా దీవులను రేనియర్ స్వాధీనం చేసుకున్నాడు. అక్కడ దొరికిన ధనంలో నౌకాదళ ఆచారం ప్రకారం అధికారులకు వాటాలు పంచారు. రేనియర్ అపార సంపద ప్రధానంగా ఇటువంటి వాటాల నుండే సమకూడింది.

ఆయితే ఇతని అసలు పని యుద్ధం కాదు, కాపలా. ఎర్రసముద్రం నుండి చైనా వరకు వ్యాపించిన జలభాగంలో కంపెనీ వర్తక నౌకలను కొద్దిపాటి యుద్ధనౌకలతో రక్షించాలి. ఏ రేవుకు ఏ నౌకను పంపాలన్నదే నిత్య సమస్య.

మారిషస్ వివాదం

హిందూ మహాసముద్రంలో ఫ్రెంచి దాడి నౌకలకు ఆశ్రయం మారిషస్ దీవి (నాటి పేరు ఐల్ డి ఫ్రాన్స్). దానిని పట్టుకోవాలని గవర్నరు జనరల్ వెల్లస్లీ సంకల్పించాడు. లండను నుండి రాజాజ్ఞ లేనిదే తన నౌకలు కదలవని రేనియర్ నిరాకరించాడు. ఆ దండయాత్రకై ట్రింకోమలీలో సమకూర్చిన సేన 1801లో ఈజిప్టుకు వెళ్ళింది. నియమం ప్రకారం రేనియర్ చెప్పినది సబబే కావచ్చు గాని, ఫలితాన్ని కోరమండల్ తీరం అనుభవించింది. ఆ దీవి ఆంగ్లేయుల చేతికి వచ్చింది 1810లో. (తరువాతి కాలంలో విశాఖపట్నం, గంజాం జిల్లాల నుండి తెలుగు కూలీలు చెరకు తోటల్లో పనికి ఓడలెక్కి వెళ్ళింది ఈ దీవికే.)

1803 జూలైలో ఫ్రెంచి నౌకాధిపతి లిన్వా పాండిచ్చేరికి వచ్చాడు. అప్పటికే రెండు దేశాల మధ్య యుద్ధం మొదలైనా, ఆ వార్త ఇంకా ఇండియాకు చేరలేదు. సమీపంలోనే రేనియర్ నౌకలు కూడా లంగరు వేసి ఉన్నాయి. యుద్ధం రాబోతున్నదన్న వర్తమానం ముందుగా అందిన లిన్వా, రాత్రికి రాత్రే రేనియర్ కన్నుగప్పి మారిషస్‌కు తరలిపోయాడు.

విశాఖపట్నం పోరు

నాటి విశాఖపట్నం నేటివంటి ఓడరేవు కాదు. కట్టుదిట్టమైన ఓడరేవు ప్రారంభమైనది 1933లో. అప్పట్లో ఓడలు బయట సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకులను పడవలలో కెరటాలు దాటించి ఓడలకు చేర్చేవారు. శ్రీకాకుళం పరిసరాల మస్లిన్లకు ఆ రోజుల్లో మంచి పేరు. ఇక్కడి నేతబట్టలు కంపెనీ ఎగుమతులలో ముఖ్యమైనవి.

1804లో లిన్వా మరెంగో అనే 74 ఫిరంగుల నౌకతో, అటలాంత్, సెమియాంత్ అనే రెండు ఫ్రిగేట్లతో మచిలీపట్నం మీదుగా ఉత్తరానికి వచ్చాడు. దారిలో పట్టుబడిన చిన్న ఓడలవారు చెప్పినదాన్ని బట్టి, విశాఖలో సరుకు ఓడకు విల్‌హెల్మీనా అనే చిన్న ఫ్రిగేటు మాత్రమే కాపలా ఉన్నదని అతడు తలచాడు. కాని రేనియర్ దానిని మార్చి 50 ఫిరంగుల సెంచూరియన్‌ను పంపి ఉంచాడు. దాని అసలు కెప్టెన్, రేనియర్ బంధువే, అస్వస్థుడు కావడంతో జేమ్స్ లిండ్ తాత్కాలికంగా నాయకత్వం వహిస్తున్నాడు.

సెప్టెంబరు 15 ఉదయం ఫ్రెంచి నౌకలు కనిపించే సమయానికి లిండ్ ఒడ్డుమీద ఉన్నాడు. ఓడ మీద లెఫ్టినెంటు ఫిలిప్స్ పోరు మొదలుపెట్టాడు. రెండు వర్తక నౌకలలో బార్నబీ లంగరు తెంచుకొని తీరానికి కొట్టుకుపోయి కెరటాలలో ముక్కలైంది. ప్రిన్సెస్ షార్లెట్ పోరాడకుండానే లొంగిపోయింది. పట్నంలోని కోట నుండి కూడా ఫిరంగులు పేల్చారు. మరెంగో ఇసుక మేట మీద తగులుకొని వెనక్కు తగ్గగా, ఆ విరామంలో లిండ్ పడవలో ఓడ చేరుకున్నాడు. తెరచాపలు, తాళ్ళు చిరిగిపోయిన సెంచూరియన్‌ను లోతు తక్కువగల చోట నిలిపాడు. పెద్ద నౌక అక్కడికి చేరలేక దూరం నుండే కాల్పులు జరిపింది. మధ్యాహ్నం దాటాక ఫ్రెంచివారు ప్రిన్సెస్ షార్లెట్‌ను వెంటబెట్టుకొని వెళ్ళిపోయారు. సెంచూరియన్‌లో ఒకరు మరణించారు, తొమ్మిదిమంది గాయపడ్డారు.

లిండ్‌కు సర్ బిరుదు లభించింది. ఇంగ్లండులో దీనిని విజయంగానే చెప్పుకున్నారు. కాపలా నౌక నిలిచినా, కాపాడవలసిన రెండు ఓడలూ పోయాయన్నది మరువరాదు. అటు ఇంతటి బలంతో ఒక్క నౌకను లొంగదీయలేకపోయినందుకు లిన్వా కూడా విమర్శల పాలయ్యాడు. 1806 మార్చి 13న అతడు అట్లాంటిక్‌లో మరెంగోతో సహా ఆంగ్లేయులకు పట్టుబడ్డాడు.

చివరి రోజులు

1805లో పదవి వీడి స్వదేశం చేరిన రేనియర్‌కు, ట్రఫాల్గర్ యుద్ధానంతర పదోన్నతులలో పూర్తి అడ్మిరల్ హోదా దక్కింది. 1807లో శాండ్‌విచ్ నుండి పార్లమెంటు సభ్యుడయ్యాడు. మరుసటి ఏడాది లండనులో మరణించాడు. అవివాహితుడు. తన ఆస్తిలో పదవ వంతును బ్రిటను జాతీయ ఋణం తీర్చడానికి ఇవ్వాలని వీలునామాలో వ్రాశాడు.

1792లో నావికుడు జార్జి వాంకోవర్ అమెరికా పశ్చిమతీరంలో చూసిన మంచుకొండకు తన మిత్రుడైన రేనియర్ పేరు పెట్టాడు. స్థానిక జాతులు దానిని తహోమా అని పిలిచేవారు. 4,392 మీటర్ల ఎత్తుగల ఆ పర్వతం సియాటిల్ ప్రాంతంలో స్థిరపడిన తెలుగువారికి సుపరిచితమే. రేనియర్ మాత్రం దానిని ఎన్నడూ చూడలేదు.