పేరు చెక్కిన గిన్నె, వాత పడ్డ గుర్రం



స్టీలు సామాను కొన్నప్పుడు మనం ముందుగా చేసే పని ఏమిటో చెప్పండి? దుకాణంలోనే పేరు కొట్టించుకుంటాం. పుట్టింటివారు పెట్టిన బిందె అయితే తేదీ కూడా వేయిస్తాం. పెళ్ళికో, వ్రతానికో పదిళ్ళ గిన్నెలు ఒకచోట చేరినప్పుడు మన గిన్నె మన యింటికి తిరిగి రావాలంటే ఆ రెండక్షరాలే దిక్కు. బట్టలకు పెట్టే చాకలి గుర్తు కూడా అంతే. నల్లజీడి రసంతో అంచున పెట్టిన ఆ చిన్న గుర్తు బట్ట చిరుగుతుందేమో గాని తాను మాత్రం పోదు.

గిన్నెకు పేరు చెక్కుతాం, బట్టకు జీడి గుర్తు పెడతాం. మరి గుర్రానికో? అది నాలుగు కాళ్ళ మీద నడిచిపోయే సొత్తు. దాన్ని దొంగ మోసుకుపోనక్కరలేదు. అదే దొంగను మోసుకుపోతుంది! అటువంటి సొత్తు మీద "ఇది ఫలానావారిది" అని చెరిగిపోకుండా రాయడమెట్లా? మనుషులు ఈ ప్రశ్నకు వెతుక్కున్న జవాబుల్లో మన ఓరుగల్లు చరిత్ర కూడా కలిసి వుంది. ఇవాళ ఆ సంగతే మీతో చెప్పాలనుకుంటున్నాను.

కాకతీయుల కాలంలో మంచి గుర్రం అంటే మాటలు కాదు. మేలుజాతి గుర్రాలు అరబ్బు దేశాల నుంచీ, పారశీకం నుంచీ ఓడలెక్కి రావాలి. కాకతీయుల పెద్ద రేవు మోటుపల్లి. ఇప్పుడది బాపట్ల జిల్లాలో వుంది. గణపతిదేవుడు 1244లో అక్కడ సముద్ర వర్తకులకు అభయ శాసనం వేయించాడు. అందులో ఒక మాట చూడండి. ఓడలు తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకువస్తే, వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మునుపటి రాజులు బలవంతాన తీసుకునేవారట. ప్రాణం కంటే ధనమే గొప్పదనుకొని అంత సాహసం చేసి వచ్చినవారి మీద దయతో, తాము మాత్రం ఏర్పాటైన సుంకం తప్ప తక్కినదంతా వారికే వదిలేస్తున్నామని గణపతిదేవుడు చాటించాడు.

అంటే ఏమన్నమాట? ఒడ్డుకు చేరిన గుర్రం ఎవరిది అన్న తగవు అప్పటికే వుంది. దొరికినవాడిదా, పోగొట్టుకున్నవాడిదా? పోగొట్టుకున్నవాడిదేనని రాజు ధర్మం చెప్పాడు. బాగానే వుంది. కానీ "ఈ గుర్రం నాదే" అని ఎవరైనా వచ్చి అడిగితే రుజువు ఏమిటి?

వెనకటి కాలంలో రుజువు గుర్రం వంటి మీదే వుండేది. దేవుడు పెట్టిన గుర్తులు! కౌటిల్యుడు అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడి పని చెబుతూ, ప్రతి గుర్రం జాతి, వయస్సు, రంగు, గుర్తులు, అది ఎక్కడినుంచి వచ్చిందీ పుస్తకంలో రాయించాలన్నాడు. మన తెలుగులో మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద ఏకంగా పద్యకావ్యమే రాశాడు. నాలుగు కాళ్ళూ ముఖమూ తెల్లగా వుంటే పంచకల్యాణి అని చిన్నప్పుడు కథల్లో విన్నాం కదూ! ఇక సుడులు. పిల్లవాడి తలంటేటప్పుడు సుడి ఎక్కడుందో చూసి, రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళని నవ్వుకుంటాం. గుర్రానికి నుదుటి మీద, మెడ మీద, డొక్కల దగ్గర అట్లాగే సుడులుంటాయి. పెద్దలు వాటితో శుభాశుభాలు చెప్పేవారు. శుభాశుభాల మాట ఎట్లా వున్నా, ఒక గుర్రాన్ని మరోదానితో పొరబడకుండా పోల్చుకోవడానికి సుడులు నిజంగానే పనికివస్తాయి. ఈనాటికీ విదేశాల్లో గుర్రానికి పాస్‌పోర్టు రాసేటప్పుడు గుర్రం బొమ్మ మీద సుడులు గుర్తించి మరీ చూపిస్తారు.

అయితే రంగును నమ్ముకోవడం కష్టం. నల్లగానో గోధుమ రంగులోనో పుట్టిన పిల్ల కొన్నేళ్ళకు తెల్లగుర్రం కావచ్చు. నుదుటి మీది తెల్లబొట్టుకు దొంగ రంగు పూయవచ్చు. అందుకే మనిషి తన చేత్తో చెరగని గుర్తు వేయడం మొదలుపెట్టాడు. ఇనుప అచ్చును ఎర్రగా కాల్చి తొడ మీద వాత పెట్టడం.

ఇక్కడే మన ఓరుగల్లు మళ్ళీ వస్తుంది. ఢిల్లీ సుల్తాను అలాఉద్దీన్ ఖిల్జీ 1303లో ఓరుగల్లు మీదికి పంపిన సైన్యం ఓడి వెనక్కి పోయింది. ఆ తరువాత అతడు సైన్యాన్ని పూర్తిగా తిరగదోడాడు. ఆ మార్పుల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి 'దాగ్', అంటే గుర్రానికి సర్కారు వాత. రెండోది 'హులియా', అంటే రౌతు ఆనవాళ్ళన్నీ రాసిపెట్టుకునే చిట్టా. దాగ్ అన్న మాట మీకు కొత్త కాదు. "చీరెకు డాగు పడింది" అంటామే, ఆ డాగే ఇది!

ఎందుకు వచ్చింది ఈ వాత? దొంగలంటే గోడ దూకేవాళ్ళే అనుకుంటాం. లెక్కల్లో దొంగతనం అంతకంటే పెద్దది. రౌతుకు జీతం గుర్రాన్ని బట్టి. ఏడాదికి 234 టంకాలు, రెండో గుర్రం కూడా వుంటే మరో 78. తనిఖీ రోజున మేలైన గుర్రాన్ని చూపించి, మర్నాడు దాన్ని అమ్ముకొని, ఓ బక్క తట్టువను కట్టేసుకునేవాడు రౌతు. ఒకే గుర్రాన్ని ఇద్దరు చూపించుకోవడమూ వుండేది. ఆ లాభం ఎంతో ధరలు చూస్తే తెలుస్తుంది. అలాఉద్దీన్ నిర్ణయించిన ధరల్లో మొదటిరకం గుర్రం 100 నుంచి 120 టంకాలు, తట్టువ 10 నుంచి 25 టంకాలు. సన్నబియ్యం డబ్బులు పుచ్చుకొని నూకలు పోసినట్లే కదా! వాత పడ్డాక ఆ ఆట సాగదు. తనిఖీలో చూపిన గుర్రమూ, యుద్ధానికి వచ్చిన గుర్రమూ ఒకటేనా అన్నది తొడ మీది ముద్రే చెబుతుంది.

ఈ కట్టుదిట్టాలు వచ్చాకనే మాలిక్ కాఫర్ సేన 1309లో ఢిల్లీ విడిచి, 1310 మొదట్లో ఓరుగల్లు కోటను చుట్టుముట్టింది. మట్టికోట పడిపోయింది, రాతికోటలో ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకున్నాడు. కప్పంగా 100 ఏనుగులు, 7,000 గుర్రాలు ఇచ్చాడని బరనీ అనే చరిత్రకారుడు రాశాడు. మోటుపల్లి రేవులో దిగి, కాకతీయుల సాలల్లో పెరిగిన గుర్రాలు కూడా వాటిలో వుండి వుంటాయి. ఖిలా వరంగల్‌లో తోరణాల కింద నిలబడినప్పుడు, ఆ గుర్రాలు బారులు తీరి వెళ్ళిపోయిన దృశ్యం ఒకసారి ఊహించుకోండి.

వాత వచ్చింది కదా, ఇక మోసం ఆగిందా? అదే చెబుతున్నాను వినండి. కొన్ని దశాబ్దాలకు ఫిరోజ్ షా తుగ్లక్ సుల్తాను అయ్యాడు. ఒకనాడు ఒక రౌతు, తన గుర్రం తనిఖీలో నెగ్గలేదనీ, గుమాస్తా చేయి తడపడానికి తన దగ్గర డబ్బు లేదనీ వాపోవడం సుల్తాను చెవిన పడింది. ఆయనేం చేశాడనుకున్నారు? గుమాస్తాను శిక్షించలేదు. లంచం ఇచ్చుకోమని తన చేతి బంగారు టంకా ఆ రౌతుకిచ్చాడు! ఆ కాలపు చరిత్ర రాసిన అఫీఫ్ ఈ సంగతిని సుల్తాను దయకు నిదర్శనంగా చెప్పుకొచ్చాడు. మనకు నవ్వొస్తుంది. కానీ ఆ బంగారు టంకాతో వాత విలువ బూడిదలో కలిసింది. ఇనుప అచ్చు అదే, గుర్రం అదే. చిట్టా రాసే చేయి మారింది, అంతే.

దీనికి ఎదురుగా విజయనగరం కథ చూడండి. నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు 1535 ప్రాంతాల అక్కడి విశేషాలు రాశాడు. సాళువ నరసింహుడి కాలంలో గుర్రం సముద్రం మీద చచ్చిపోతే, వర్తకుడు దాని తోక తెచ్చి చూపినా చాలు, బతికున్న గుర్రానికిచ్చినట్లే ధర యిచ్చేవారట. వర్తకులు నష్టానికి భయపడి రావడం మానుకోకూడదని అంత ఉదారం. కానీ తోక మీద పేరు వుండదుగా! తాను చూసిన కాలంలో రాజుగారు యిచ్చిన గుర్రాలన్నిటికీ రాజముద్ర వుండేదని కూడా నూనిజ్ రాశాడు. గుర్రం చస్తే, ముద్ర వున్న చర్మం ముక్కను కోసి తెచ్చి అశ్వశాల అధికారికి ఒప్పజెబితే తప్ప మరో గుర్రం యిచ్చేవారు కాదు. ఖాళీ సిలిండరు యిస్తేనే నిండు సిలిండరు యిచ్చినట్లన్నమాట! ఇక్కడ ముద్రా వుంది, ముద్రను అడిగి చూసే మనిషీ వున్నాడు. రెండూ వుంటేనే లెక్క నిలుస్తుంది.

ఇక మన కాలానికి వద్దాం. నోరులేని జీవానికి నిప్పువాత బాధ బాధే. పోపు వేస్తూ చిటికెడు నూనె చుక్క పడితేనే మనం ఎంత విలవిల్లాడతాం! 1966లో అమెరికాలో డాక్టర్ కీత్ ఫారెల్ అనే పశువైద్య శాస్త్రజ్ఞుడు నిప్పుకు బదులు చలిని వాడే పద్ధతి కనిపెట్టాడు. ద్రవ నత్రజని సున్నాకు 196 డిగ్రీలు దిగువన వుంటుంది. లోహపు అచ్చును అందులో ముంచి, వెంట్రుకలు గొరిగిన చోట కొన్ని క్షణాలు అదిమి పెడతారు. చర్మంలో రంగునిచ్చే కణాలు చలికి చచ్చిపోతాయి, వెంట్రుక కుదురు మాత్రం బతుకుతుంది. కొన్ని వారాలకు అక్కడ తెల్లవెంట్రుకలు మొలిచి, అంకెలు స్పష్టంగా కనబడతాయి. తెల్లగుర్రమైతే ఇంకొంచెం ఎక్కువసేపు పెడతారు. అప్పుడు అక్కడ వెంట్రుకే మొలవదు. నిప్పువాత కంటే దీనిలో బాధ తక్కువ.

అమెరికా పందెపు గుర్రాలకైతే 1947 నుంచి పైపెదవి లోపల పచ్చబొట్టు పొడిచేవారు. 2017లో పుట్టిన పిల్లల నుంచి అక్కడ మైక్రోచిప్ తప్పనిసరి చేశారు. ఇది బియ్యపు గింజంత వుంటుంది. లావుపాటి సూదితో మెడలో, జూలు కింద ఎక్కిస్తారు. అందులో 15 అంకెల సంఖ్య వుంటుంది. చదివే యంత్రాన్ని మెడ దగ్గర పెడితే ఆ సంఖ్య కనబడుతుంది. మన పాడి పశువుల చెవులకు వేసే పచ్చబిళ్ళ మీద 12 అంకెలు చూసే వుంటారు. అదీ ఇటువంటిదే, కాకపోతే బిళ్ళను దొంగ కోసి పారేయగలడు. లోపలి చిప్‌ను తీయడం అంత సులువు కాదు.

ఒక్క పొరబాటు మాత్రం పడకండి. చిప్ వేస్తే గుర్రం ఎక్కడున్నదీ తెలిసిపోతుందని కొందరనుకుంటారు. అది నిజం కాదు. అందులో బ్యాటరీ వుండదు, కేకవేసి పిలవదు. ఎవరైనా యంత్రం పెట్టి చూస్తేనే సంఖ్య చెబుతుంది. ఆ సంఖ్య ఎవరి పేరున వుందో నమోదు పుస్తకంలో వుండాలి. గుర్రం చేతులు మారినప్పుడల్లా పేరు మార్పించాలి. పైగా చిప్ కంటికి కనబడదు గనుక దొంగకు ముందుగా భయమూ వుండదు. అందుకే పైకి కనిపించే గుర్తు ఒకటి, లోపల చిప్ ఒకటి, రెండూ వుంటే మంచిదంటారు.

"ఇవన్నీ మాకెందుకు, మా యింట్లో గుర్రాలున్నాయా?" అంటారేమో. మన వీధిలో పెళ్ళి జరిగితే వరుణ్ణి ఊరేగించే తెల్లగుర్రం ఎక్కడినుంచి వస్తున్నది? ఎవరో ఒక చిన్న కుటుంబం నుంచి. ఆ యింటిల్లిపాదికీ ఆ గుర్రమే అన్నం. అది ఒక్క రాత్రి మాయమైతే ఆ యిల్లాలి పొయ్యి ఆరిపోతుంది. మన స్టీలు గిన్నె పోతే మరోటి కొంటాం. ఆమె ఏం కొంటుంది?

అటువంటివాళ్ళు మీకు తెలిసివుంటే ఒక మాట చెప్పండి. ముందు, కుడి, ఎడమ, వెనక, నాలుగు వైపులా ఫోటోలు తీసి పెట్టుకోమనండి. సుడులు, మచ్చలు, పాత గాయాల గుర్తులు ఒక నోటుబుక్కులో రాసుకోమనండి. కొన్న రసీదు అందులోనే దాచమనండి. శాశ్వతమైన గుర్తు సంగతి పశువైద్యుణ్ణి అడగమనండి. రాసుకోవడం రాకపోతే మీరే ఓ అరగంట కూర్చుని రాసిపెట్టండి. పాల లెక్క, చాకలి పద్దు, చీటీల లెక్క తప్పకుండా రాసే చేతులు మనవి. ఏడు వందల ఏళ్ళనాటి సుల్తాను కొలువులో గుమాస్తా చేయలేని పని మన ఆడవాళ్ళు పైసా పుచ్చుకోకుండా చేయగలరు.

ఈసారి గిన్నె మీద పేరు కొట్టిస్తున్నప్పుడు ఆ గుర్రాలను ఒక్కసారి తలచుకోండి. అక్షరాలు లోహం మీద వుంటే చాలదు. వాటిని చూసి "ఇది ఫలానావారిదమ్మా, ఇచ్చేద్దాం" అనే మనిషి కూడా వుండాలి.