పొలిమేర మీద పోచమ్మ

దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట ప్రాంతాల్లో చాలా ఊళ్లకు మొదట ఎదురయ్యేది ఒక వేపచెట్టు, దాని కింద చిన్న గుడి. గోపురం ఉండదు. లోపల పసుపు కుంకుమలు పూసిన రాయి. ఆమె పోచమ్మ. రాముడికి, హనుమంతుడికి ఊరి నడుమ చోటు దొరికింది. పోచమ్మ పొలిమేర మీదే ఉండిపోయింది.

ఈ తల్లి కథంతా ‘పోయడం’ అనే ఒక్క క్రియలో ఉంది. మశూచి సోకి పిల్లవాడికి జ్వరం కాసి, ఒంటి మీద పొక్కులు లేస్తే ‘అమ్మవారు పోసింది’ అనేవారు. రోగం అనడానికి నోరు వచ్చేది కాదు. పొక్కులను ముత్యాలన్నారు, ముత్యాలమ్మ అనే పేరు అలా వచ్చిందని పెద్దలు చెబుతారు. గుమ్మానికి వేపమండ కట్టేవారు. ఆ ఇంట్లో పోపు వేసేవారు కాదు, బయటివాళ్లు గడప తొక్కేవారు కాదు. పొక్కులు మాడి పక్కులు రాలాక వేపాకు, పసుపు వేసిన నీళ్లు తలకు పోసేవారు. ఆపైన బోనం వండి, సాక పోసి, అమ్మను చల్లగా సాగనంపేవారు. వేపకు మశూచి లొంగలేదు. కానీ గుమ్మానికి కట్టిన ఆ మండ చూసి నలుగురూ దూరంగా ఉండటం కొంత మేలే చేసి ఉంటుంది.

మొత్తానికి ఊరు ఆ రోగాన్ని ప్రాణమున్నదానిగానే చూసింది. దానికి ఆకలి ఉంది, అలక ఉంది, రాకపోకలున్నాయి. శాస్త్రవేత్తలు మాత్రం నూరేళ్లు దాటినా ఒక్క మాట మీదికి రాలేదు. అలాంటి రోగాలు తెచ్చే వైరస్‌కు ప్రాణముందా, లేదా?

చక్కెర పలుకుల్లాంటి తెగులు

1898లో హాలెండ్‌లో బైజెరింక్ అనే శాస్త్రవేత్త తెగులు సోకిన పొగాకు ఆకుల రసాన్ని బ్యాక్టీరియా సైతం దూరలేని వడపోత గుండా పంపాడు. అయినా ఆ రసం మరో మొక్కకు తెగులు అంటించింది. ఆయన దానికి ‘ప్రాణమున్న అంటు ద్రవం’ అని పేరు పెట్టాడు. అదే ఏడాది జర్మనీలో లోఫ్లర్, ఫ్రోష్ పశువుల గాలికుంటుకూ అలాంటిదే కారణమని తేల్చారు. మన కొట్టాల్లో ఎడ్లను నేటికీ కుంటిస్తున్న గాలికుంటు అదే.

1935లో అమెరికాలో వెండెల్ స్టాన్లీ ఆ పొగాకు వైరస్‌ను చక్కెర పలుకుల్లా స్ఫటికాలుగా మార్చాడు. సీసాలో పోసి అలమరలో పెట్టుకోవచ్చు. నీళ్లలో కలిపి ఆకుకు రాస్తే మళ్లీ తెగులే. 1946లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది, అదీ రసాయన శాస్త్రంలో. ప్రాణం సంగతి తేలకముందే వైరస్ రసాయనాల పద్దులో చేరిపోయింది.

అద్దె కొంపలో కార్ఖానా

మశూచి వైరస్ ఇటుక ఆకారంలో ఉంటుంది. మూడు వేలకు పైగా వరుసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు. దాని డీఎన్ఏలో సుమారు 1,86,000 అక్షరాలు. తినదు, ఊపిరి తీయదు, పెరగదు. ఎండిన పక్కులో ఇసుక రేణువులా పడి ఉంటుంది. మనిషి కణంలో అడుగుపెట్టిందంటే కార్ఖానా తెరుచుకుంటుంది. కణం సరుకుతో, కణం పనిముట్లతో తన భాగాలను విడివిడిగా చేయించుకుని ఒకచోట బిగించుకుంటుంది. బ్యాక్టీరియాలా ఒకటి రెండుగా చీలడం దానికి తెలియదు. సాధారణంగా రెండు వారాలలోపే జ్వరం, ఆపైన కొద్ది రోజులకే పొక్కులు. సోకినవారిలో పదికి ముగ్గురు దక్కేవారు కాదు.

ఇంత చేసేదాన్ని జీవం లేనిదని ఎలా అంటాం? తరం మారేకొద్దీ తానూ మారుతుంది, పరిస్థితికి తగ్గట్టు నిలదొక్కుకుంటుంది. 2008లో మరో చిక్కు వచ్చిపడింది. అమీబాలో ఉండే ఒక పెద్ద వైరస్‌ను పట్టి పీడించే చిన్న వైరస్ బయటపడింది. దానికి స్పుత్నిక్ అని పేరు పెట్టారు. జబ్బు పడేదానికి ప్రాణం లేదంటే ఒప్పుకోవడం కష్టమే.

చచ్చిందా, నిద్రపోయిందా?

మన దేశంలో తొలి మశూచి టీకా 1802 జూన్ 14న బొంబాయిలో ఓ మూడేళ్ల పాపకు పడింది. మన అవ్వల చేతుల మీది గుండ్రటి మచ్చలు ఆ పరంపరలోవే. 1974లో బీహార్‌లో మశూచి చివరిసారిగా విరుచుకుపడింది. 1975 మే తర్వాత దేశంలో కేసు లేదు. 1977 అక్టోబర్‌లో సోమాలియాలో ఓ ఆసుపత్రి వంటమనిషికి సహజంగా సోకిన చివరి మశూచి వచ్చింది. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ మశూచి అంతరించిందని ప్రకటించింది. ఈ వైరస్‌కు మనిషి తప్ప మరో కొంప లేదు. గొర్రెలో, ఎద్దులో దాక్కోలేదు. టీకాతో మనిషి తలుపు మూసుకోగానే దానికి నిలువ నీడ లేకపోయింది.

మరి చచ్చినట్టేనా? అమెరికాలోని అట్లాంటాలో, రష్యాలోని కోల్త్సోవోలో గడ్డకట్టించిన సీసాల్లో అది ఇంకా ఉంది. 2014లో అమెరికాలోని బెథెస్డాలో పాత గది సర్దుతుంటే 1950ల నాటి మశూచి సీసాలు అట్టపెట్టెలో దొరికాయి. పరీక్షిస్తే రెండింటిలోని వైరస్ మళ్లీ పెరిగింది. అరవై ఏళ్లు ఏమీ చేయకుండా పడి ఉన్నదాన్ని బతికి ఉందనగలమా? లేవగలిగినదాన్ని చచ్చిందనగలమా? సీసాలు పగలగొట్టినా దాని రాత మిగిలే ఉంటుంది: 1967లో భారతదేశంలో సేకరించిన మశూచి వైరస్ డీఎన్ఏ అక్షరాలన్నీ 1993 నాటికే చదివేశారు. 2018లో కెనడా శాస్త్రవేత్తలు మశూచికి దగ్గరి చుట్టమైన గుర్రపు మశూచి వైరస్‌ను, ఆర్డరిచ్చి తెప్పించిన డీఎన్ఏ ముక్కలతో కూర్చి చూపించారు.

మన ఊళ్ల మాటను ఇక్కడ మళ్లీ తలచుకోవాలి. ‘అమ్మవారు ఉంది’ అనలేదు వాళ్లు, ‘పోసింది’ అన్నారు. వైరస్‌కు ప్రాణం ఒంట్లో పెట్టుకు తిరిగే వస్తువు కాదు. కణం తగిలినప్పుడు జరిగే పని అది. తగలనంతసేపు పలుకు, తగిలాక తల్లి.

మశూచి పోయి నాలుగు దశాబ్దాలు దాటింది. పోచమ్మకు బోనం మాత్రం ఆగలేదు. ఆమెను ఊరి నడుమకు తెచ్చి కూర్చోబెట్టిందీ లేదు, పొలిమేర దాటించి పంపేసిందీ లేదు.