మాల్టాలో సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా.. టూరిస్టుల రద్దీ తగ్గాక ఈ బుల్లి దీవుల్లో జరిగేదేంటి?

మాల్టా అనగానే రీల్స్‌లో కనిపించే నీలం రంగు నీళ్లు, తేనె రంగు రాతి కోటలే గుర్తొస్తాయి. ఆమిర్ ఖాన్, అమితాబ్ నటించిన 'థగ్స్ ఆఫ్ హిందుస్థాన్' షూటింగ్ కూడా కొంత అక్కడే జరిగింది. జులై, ఆగస్టుల్లో యూరప్ సగం అక్కడికే వచ్చిందా అన్నంత జనం. హోటల్ రేట్లు ఆకాశంలో, ఎండ నెత్తి మీద. మరి ఆ సీజన్ తగ్గుముఖం పట్టాక ఏం జరుగుతుంది? అక్కడి వాళ్లు తమ కోసం తాము చేసుకునే చాలా పనులు, పండుగలు అప్పుడే మొదలవుతాయి. అందులో చూసి తీరాల్సినవి ఉన్నాయి. కోర్టు మెట్లెక్కిన వివాదం కూడా ఒకటుంది.

ముందు సైజు సంగతి. మాల్టా, గోజో, కొమినో దీవులు మూడూ కలిపితే 316 చదరపు కిలోమీటర్లు. విస్తరణకు ముందున్న జీహెచ్‌ఎంసీలో దాదాపు సగం అన్నమాట. జనాభా ఐదు లక్షల పైచిలుకు. ఇంత చిన్న చోట ఒక దేశం, ఒక సొంత భాష ఉన్నాయి. మాల్టీస్ భాషకు మూలం అరబ్బీ, రాసేది మాత్రం రోమన్ లిపిలో. ఇంగ్లిష్ కూడా అధికార భాషే కాబట్టి మనకు మాట ఇబ్బంది లేదు.

సెప్టెంబర్ 8: పడవ పందెం, పరువు పందెం

సీజన్ మొదలయ్యేది ఈ రోజుతోనే. స్థానికంగా 'ఇల్ విత్తోర్యా' అంటారు. విజయ దినం అని అర్థం. ఒక విజయం కాదు, మూడు. 1565లో ఒట్టోమన్ సైన్యం దాదాపు నాలుగు నెలల పాటు దీవిని ముట్టడించి చివరికి వెనుదిరిగింది. 1800లో నెపోలియన్ పంపిన ఫ్రెంచ్ దళం లొంగిపోయింది. 1943లో ఇటలీ లొంగిపోవడంతో మాల్టా మీద బాంబుల భయం తగ్గింది. ఈ మూడూ సెప్టెంబర్‌లోనే జరిగాయి. మరియమాత పుట్టినరోజు పండుగ కూడా అదే తేదీన వస్తుంది. అందుకే ఇస్లా, నష్షార్, షాఆరా, మెల్లీహా ఊళ్లలో చర్చి జాతరలు. ఊరేగింపు, బ్యాండు మేళం, బాణసంచా అన్నీ ఉంటాయి. మాల్టా ఊరి జాతరలను యునెస్కో 2023లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది కూడా.

మధ్యాహ్నానికి అందరి కళ్లూ వాలెట్టాలోని గ్రాండ్ హార్బర్ మీదే. బిర్గూ, బొర్మ్లా, ఇస్లా, కల్కారా, మార్సా లాంటి ఊళ్ల టీములు సంప్రదాయ పడవల్లో పోటీ పడతాయి. ఒకప్పుడు ఇదే ఓడరేవులో జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించిన 'దైసా' పడవలు ఇప్పుడు పందెం కడతాయి. అన్ని రేసుల పాయింట్లూ కలిపి గెలిచిన ఊరికి షీల్డ్ ఇస్తారు. మనకు షీల్డ్ అంటే స్కూల్ స్పోర్ట్స్ డే గుర్తొస్తుందేమో. అక్కడ మాత్రం అది ఊరి పరువు. గెలిచిన ఊళ్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. చూడటానికి టికెట్ అక్కర్లేదు, రేవు గట్టున చోటు దొరకబుచ్చుకుంటే చాలు. సెప్టెంబర్ 21 ఇంకో సెలవు. 1964లో బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చిన రోజు అది.

తాటాకు నీడ కింద చేపలు

ఈ సీజన్‌లో మాల్టా వంటిళ్లలో వినిపించే మాట ఒక్కటే, లంపూకి. అదొక చేప. ప్రపంచంలో చాలాచోట్ల మహీ మహీ అంటారు. ఇంగ్లిష్‌లో దీన్ని డాల్ఫిన్ ఫిష్ అని కూడా అంటారు కాబట్టి మెనూలో ఆ పేరు చూసి కంగారు పడకండి. డాల్ఫిన్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఒళ్లంతా బంగారం, ఆకుపచ్చ రంగుల్లో మెరుస్తూ ఉంటుంది. నీళ్లలోంచి తీసిన కాసేపటికే ఆ మెరుపు పోతుంది.

దీన్ని పట్టే పద్ధతి ఉంది చూశారూ, అదే అసలు విశేషం. సముద్రం మీద ఏదైనా తేలుతూ ఉంటే దాని కిందకు చేరడం ఈ చేపకు అలవాటు. మాల్టా జాలర్లు ఈ అలవాటునే వాడుకుంటారు. తాటి జాతి చెట్ల మట్టలు కోసి, తేలే తెప్పలాంటి దానికి కట్టి, కిందికి పొడవాటి తాడు, తాడు చివర సున్నపురాయి బండ వేలాడదీసి సముద్రంలో వదులుతారు. వీటినే 'కన్నిత్సాతి' అంటారు. తీరం నుంచి లోపలికి ఒకే వరుసలో ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ పోతారు. కొన్నాళ్లకు నీడ కింద చేపలు గుంపు కడతాయి. అప్పుడు పడవ వచ్చి చుట్టూ వల తిప్పుతుంది. ఏ జాలరికి సముద్రంలో ఏ వరుస రావాలన్నది ప్రతి ఏడాదీ చీటీలు తీసి తేలుస్తారు. మంచి వరుస పడితే ఆ ఏడాది గట్టెక్కినట్టే. లేదంటే డీజిల్ ఖర్చు కూడా రాకపోవచ్చు.

నిబంధనల ప్రకారం ఈ వేట ఆగస్టు 15న మొదలై డిసెంబర్ 31తో ముగుస్తుంది. వందల ఏళ్లుగా తాతల నుంచి వస్తున్న పద్ధతే అయినా ఇప్పుడు చిక్కులు తక్కువేం లేవు. ఒక ఏడాది బాగా పడ్డ చేప మరో ఏడాది ముఖం చాటేస్తోంది. తాము వేసిన తెప్పల కిందున్న చేపను పొరుగు దేశాల పడవలు వచ్చి పట్టుకుపోతున్నాయని మాల్టా జాలర్లు చాలాకాలంగా మొత్తుకుంటున్నారు. ఇంకోవైపు, బెండు బదులు ఇప్పుడు ప్లాస్టిక్ నురుగు దిమ్మెలు వాడుతున్నారు. తుపానుకు తెగిపోయినవి ముక్కలై తీరానికి కొట్టుకొస్తున్నాయి, తాళ్లు సముద్రంలోనే ఉండిపోతున్నాయి. చేపకు నీడనిచ్చిన తెప్పే ఆఖరికి చెత్త అవుతోందన్నది పర్యావరణవేత్తల అభ్యంతరం.

ఇవన్నీ ఎలా ఉన్నా, దక్షిణాన మార్సాష్లోక్ అనే జాలరి ఊళ్లో ఆదివారం సంతకు వెళ్తే లంపూకి కుప్పలుగా కనిపిస్తుంది. అక్కడి 'లుత్సు' పడవలకు ఎరుపు, నీలం, పసుపు రంగులు వేసి ముందు భాగంలో రెండు కళ్లు గీస్తారు. దిష్టి తగలకుండా, పడవకు దారి కనిపించేలా అని నమ్మకం. ఇంట్లో మాత్రం ఈ చేపతో చేసే ఫేమస్ వంటకం పై. చేప ముక్కలు, పాలకూర, ఆలివ్‌లు, కేపర్లు పిండిలో పెట్టి ఓవెన్‌లో కాలుస్తారు. మన నాలుకకు కారం తగ్గినట్టే ఉంటుంది, చెప్పలేదనుకోవద్దు.

ఆలివ్ సీజన్ కూడా ఇప్పుడే. సెప్టెంబర్ చివర్లో జేయ్‌తున్ అనే ఊళ్లో కొత్త ఆలివ్ నూనె పండుగ చేస్తారు. ఆ ఊరి పేరుకు అర్థమే ఆలివ్.

అక్టోబర్: కొవ్వొత్తుల వీధులు, ఒకే రోడ్డులో రెండు థియేటర్లు

అక్టోబర్ తొలి వారాంతంలో వాలెట్టాలో 'నోట్టె బియాంకా' జరగడం ఆనవాయితీ. రాత్రి పొద్దుపోయేదాకా మ్యూజియంలు, భవనాలు తెరిచి ఉంచి వీధుల్లో పాటలు, నాటకాలు పెడతారు. ఆ తర్వాత అదే నెలలో ఓడరేవు అవతలి బిర్గూలో బిర్గూఫెస్ట్. పాతకాలపు సందుల్లో కరెంటు లైట్లు ఆపేసి వేల కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఫోన్ కెమెరాకు పండగే గానీ, సందులు ఇరుకు, జనం ఎక్కువ. చిన్న పిల్లలతో వెళ్తే చీకటి పడగానే వెళ్లి త్వరగా బయటపడటం బెటర్.

నెల మూడో వారంలో రోలెక్స్ మిడిల్ సీ రేస్ మొదలవుతుంది. 1968 నుంచి జరుగుతున్న తెరచాప పడవల పోటీ ఇది. గ్రాండ్ హార్బర్‌లో ఫిరంగి పేలగానే పడవలు బయలుదేరి, సిసిలీ దీవిని చుట్టి, నిప్పులు కక్కే స్ట్రోంబోలి అగ్నిపర్వతం పక్క నుంచి తిరిగి మాల్టాకే వస్తాయి. దూరం 606 నాటికల్ మైళ్లు, అంటే 1,120 కిలోమీటర్ల పైనే. అప్పర్ బరాక్కా గార్డెన్స్ నుంచి చూస్తే స్టార్టింగ్ మొత్తం ఫ్రీగా కనిపిస్తుంది.

కానీ నన్నడిగితే అక్టోబర్‌లో అసలు తమాషా గోజోలో ఉంది. దాదాపు 40 వేల జనాభా ఉన్న దీవి అది. దాని ప్రధాన పట్టణం విక్టోరియాలో ఒకే రోడ్డు మీద రెండు పెద్ద థియేటర్లున్నాయి, అస్ట్రా, అరోరా. ఒక్కోటి ఒక్కో బ్యాండ్ క్లబ్‌ది. అస్ట్రా వెనక ఉన్నది సెయింట్ జార్జ్ బసిలికా వర్గం. అరోరా వెనక ఉన్నది కెథెడ్రల్ వర్గం. జాతర దగ్గర మొదలైన పోటీ బాణసంచా మీదుగా ఏకంగా ఒపేరా దాకా వెళ్లింది. సాధారణంగా అక్టోబర్‌లో రెండు క్లబ్‌లూ చెరో ఒపేరా వేస్తాయి. ప్రధాన గాయకులను విదేశాల నుంచి తెప్పిస్తారు. కోరస్, కాస్ట్యూములు, సెట్ల పనుల్లో ఊళ్లో వాళ్ల చెయ్యి పెద్దది, అదీ చాలావరకు స్వచ్ఛందంగా. సంక్రాంతికి ఇద్దరు పెద్ద హీరోల సినిమాలు ఎదురెదురు థియేటర్లలో పడితే ఫ్యాన్స్ ఎలా ఉంటారో ఊహించుకోండి. అదే, కాకపోతే ఇక్కడ ఆడేది వెర్డీ, పుచ్చీని.

తుపాకీ మోత వినిపిస్తే..

ఇప్పుడు టూరిస్టు బ్రోచర్లలో కనిపించని విషయం. యూరప్ నుంచి ఆఫ్రికాకు వలస వెళ్లే పక్షుల దారిలో ఉంది మాల్టా. సెప్టెంబర్ మధ్యాహ్నాల్లో బుస్కెట్ తోటల మీద తేనె డేగల్లాంటి వేట పక్షులు తిరుగుతూ, రాత్రికి చెట్ల మీద దిగుతాయి. వాటిని చూడటానికి పక్షి ప్రేమికులు బైనాక్యులర్లతో వస్తారు. అదే సమయంలో వేటగాళ్ల సీజన్ కూడా మొదలవుతుంది. సెప్టెంబర్ 1 నుంచి జనవరి చివరి దాకా అనుమతి ఉన్న పక్షులను లైసెన్సుతో కాల్చొచ్చు. డేగలను కాల్చడం నేరం. అయినా తూటా గాయాలతో అవి దొరికిన వార్తలు దాదాపు ప్రతి సీజన్‌లోనూ వస్తూనే ఉంటాయి.

అంతకంటే పెద్ద రగడ వలల మీద. పాడే చిన్న పిట్టలను పంజరంలోని ఎర పిట్టతో పిలిపించి, నేల మీద పరిచిన వలలతో పట్టడం అక్కడ పాత అలవాటు. 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పుడు దీన్ని క్రమంగా ఆపేస్తామని మాల్టా ఒప్పుకుంది. 2014లో మళ్లీ అనుమతిచ్చింది. 2018లో యూరోపియన్ కోర్టు తప్పు పట్టింది. 2020లో ఈసారి 'పరిశోధన కోసం' అనే పేరుతో సీజన్ తెరిచింది. 2024 సెప్టెంబర్‌లో కోర్టు దాన్నీ కొట్టేసింది. తాతల కాలం నాటి సరదాను లాక్కుంటున్నారని పట్టేవాళ్లు అంటారు. ఆ తాతల కాలంలో ఆకాశంలో ఉన్నన్ని పిట్టలు ఇప్పుడు ఎక్కడున్నాయని అవతలి వాళ్లు అడుగుతారు. దేశం చిన్నది, ఓట్ల తేడా చిన్నది. అందుకే ఏ పెద్ద పార్టీ కూడా వేటగాళ్లతో గొడవకు అంత తేలిగ్గా దిగదు.

టూరిస్టుగా మీరు తెలుసుకోవాల్సింది ఇంతే. పొద్దున్నే పల్లె దారుల్లో నడిస్తే తుపాకీ చప్పుళ్లు వినిపించొచ్చు. రాళ్ల గోడల మీద 'ఆర్‌టీఓ' అని రాసి ఉంటే అది మన రవాణా ఆఫీసు కాదు. 'యజమానికి మాత్రమే' అని అర్థం. లోపలికి వెళ్లకండి.

వాన, ఫెర్రీ, వీసా

సముద్రం నీళ్లు సెప్టెంబర్‌లో సుమారు 26 డిగ్రీలు, అక్టోబర్‌లో 24 దాకా ఉంటాయి. ఈత కొట్టడానికి హాయి. కానీ ఎండాకాలం అంతా చుక్క రాలని చోట సెప్టెంబర్ నుంచి వానలు ఒక్కసారిగా పడతాయి. బిర్కిర్‌కారా, మ్సీదా లాంటి పల్లపు ప్రాంతాల్లో రోడ్లు గంటలో కాలువలవుతాయి. వరద నీటి కోసం భూగర్భ సొరంగాలు తవ్వారు, అయినా గట్టి వాన పడ్డప్పుడు అద్దె కారు అటు తిప్పకపోవడమే మంచిది. డ్రైవింగ్ మనలాగే ఎడమ వైపు.

గోజోకు చిర్కేవా రేవు నుంచి కార్లు ఎక్కించుకునే ఫెర్రీలో 25 నిమిషాలు. వాలెట్టా నుంచి ఫాస్ట్ ఫెర్రీ అయితే ముప్పావుగంట. గాలి పెరిగితే ముందు ఆగేది ఫాస్ట్ ఫెర్రీనే. ఒపేరా టికెట్ కొన్నవాళ్లు ఆ రాత్రి గోజోలోనే ఉండేలా చూసుకోండి.

మాల్టా షెంగెన్ దేశం. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు, దుబాయ్ లాంటి చోట మారాల్సిందే. అక్కడ మనవాళ్లు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. 2021 జనగణనలో విదేశీయుల్లో ఇటాలియన్లు, బ్రిటిషర్ల తర్వాత భారతీయులే, దాదాపు 8 వేల మంది.

నవంబర్: ఎముకల బిస్కెట్లు, గింజల సంచి

నవంబర్‌ను అక్కడ చనిపోయినవాళ్ల నెలగా చూస్తారు. 2వ తేదీన కుటుంబాలు శ్మశానాలకు వెళ్లి సమాధులు శుభ్రం చేసి పూలు పెడతాయి. బేకరీల్లో ఎముక ఆకారంలో బాదం బిస్కెట్లు వస్తాయి. పేరు 'ఆదమ్ తల్ మేయ్‌తిన్', అంటే మృతుల ఎముకలు! వెనకటికి ఇంకో ఆచారం ఉండేది. మెడలో గంట కట్టిన ఒక పందిని వీధుల్లో వదిలితే అందరూ దానికి తిండి పెట్టేవాళ్లు. ఈ రోజు వచ్చేసరికి దాన్ని వండి పేదలకు పంచేవాళ్లు.

11న సెయింట్ మార్టిన్ రోజు. ఆ చుట్టుపక్కల తేదీల్లో చలి కాస్త తగ్గి ఎండ కాస్తే దాన్ని 'మార్టిన్ వేసవి' అంటారు. పిల్లలకు ఒక గుడ్డ సంచిలో బాదం, వాల్‌నట్స్, హేజెల్‌నట్స్, ఎండు అంజీర్, చెస్ట్‌నట్స్, ఒక దానిమ్మ పండు, ఒక తీపి బన్ను పెట్టి ఇస్తారు. బాహ్రియా అనే చిన్న ఊళ్లో దగ్గర్లోని ఆదివారం జాతర ఉంటుంది. ఇప్పుడు సూపర్ మార్కెట్లలో ఈ సంచులు రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి. అయినా గింజలు విడిగా కొని, ఇంట్లోనే సంచి కట్టే అమ్మమ్మలు ఇంకా ఉన్నారు.