మారుత్ ముందు తీసుకున్న ఫోటో

మా తాత పని చేస్తున్నప్పటి ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. పెళ్లి ఫోటో ఉంది, తిరుపతిలో గుండు చేయించుకున్నది ఉంది, రిటైరైన రోజు పూలదండతో తీసుకున్నదీ ఉంది. బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో ముప్పయ్యేళ్లు రివెట్లు కొట్టిన మనిషి, చేతిలో పనిముట్టుతో మాత్రం ఎక్కడా కనబడడు. అది యుద్ధ విమానాలు కట్టే ఫ్యాక్టరీ. గేటు లోపలికి కెమెరా తీసుకుపోయే వీల్లేదు.

మనవాళ్లు చాలామంది ఇక్కడ నిలదొక్కుకోవడానికి ఆ ఫ్యాక్టరీ ఒక కారణం కాబట్టి, దాని కథ కొంచెం చెప్పుకోవాలి. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్, మైసూరు సంస్థానం సాయంతో దాన్ని మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ అమెరికా వైమానిక దళం విమానాలకు మరమ్మతులు జరిగేవి. 1956లో కుర్ట్ టాంక్ అనే జర్మన్ డిజైనర్ తన బృందంతో వచ్చాడు. యుద్ధంలో జర్మనీవాళ్లు నడిపిన ఫోకె వుల్ఫ్ 190 ఆయన గీసిందే. ఇక్కడ ఆయన, మన ఇంజనీర్లు కలిసి గీసిన విమానం హెచ్‌ఎఫ్-24 మారుత్. 1961 జూన్ 17న వింగ్ కమాండర్ సురంజన్ దాస్ దాన్ని మొదటిసారి గాల్లోకి లేపాడు. 1970 జనవరిలో అదే రకం విమానాన్ని పరీక్షిస్తూ ఆయన ప్రాణం పోగొట్టుకున్నాడు. మనం రోజూ పోయే సురంజన్ దాస్ రోడ్డు ఆయన పేరుదే.

ధ్వని వేగాన్ని బాగా దాటాలని గీసిన విమానం అది. అనుకున్న ఇంజిన్ రాలేదు. తక్కువ శక్తి ఉన్న ఆర్ఫియస్ 703తోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అయినా 1971 యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దున బాగానే పని చేసింది. మొత్తం 147 తయారయ్యాయి. 1990 నాటికి సేవలోంచి తీసేశారు. తాత చేతులు వాటిలో ఎన్నింటి మీద పడ్డాయో ఆయనకే లెక్క లేదు.

పాత ఎయిర్‌పోర్టు రోడ్డులో హెచ్‌ఏఎల్ మ్యూజియం 2001లో తెరిచారు. కొన్నేళ్ల తర్వాత తాతను తీసుకుపోయాను. మారుత్ ముందు ఇంటిల్లిపాదీ వరసగా నిలబడి ఫోటో తీసుకున్నాం. ప్రింటు వేయించి చేతికిస్తే తాత కళ్లజోడు పైకెత్తి, కిందికి దించి చూశాడు.

"మీరంతా బాగా కనబడతాండారు. విమానమేదిరా?"

నిజమే. మధ్యాహ్నం ఎండకు రేకు తెల్లగా మెరిసిపోయింది. దగ్గర నుంచి తీసినందుకు ముక్కు గుమ్మడికాయంత, తోక తోకంత. నంబరు రాసిన చోట మా చిన్నాయన నిలబడ్డాడు.

ఆ రోజు తాత చెప్పింది ఇప్పటికీ గుర్తుంది. రివెట్టు కొట్టడానికి ఇద్దరు కావాలంట. గన్ను పట్టుకున్నోడు బయట, ఇనుప దిమ్మె ఆనించినోడు లోపల. ఒకరి మొహం ఒకరికి కనబడదు. రేకు మీద తట్టే చప్పుడుతోనే సైగలు. తాతకు ముసలితనం కన్నా ముందే చెవుడు ఎందుకొచ్చిందో అప్పుడు తెలిసింది.

తాత పోయాక మళ్లీ వెళ్లాను, ఈసారి పొద్దున్నే, మబ్బు పట్టిన రోజు. వెనక్కి జరిగి నిలబడితే విమానం ఉన్న ఆకారంలో వచ్చింది. ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి తీశాను. నంబరు విడిగా, వివరాల బోర్డు విడిగా తీశాను. తర్వాత, తాడు దాటకుండా, జూమ్ చేసి రెక్క ఒంటికి కలిసే చోట రివెట్ల వరస తీశాను. ఒంటిమీద కుట్టులాగా ఉంది. అక్కడక్కడా ఒకటి రెండు కొంచెం పక్కకు జరిగాయి. మెషీను పనైతే అలా ఉండదు. అది మనిషి చెయ్యి. మా తాతది అని చెప్పలేను, ఆయన పక్కన నిలబడినోడిదైనా కావచ్చు.

ఈ పని ఇప్పుడే ఎందుకంటే, ఎండకు వానకు నిలబెట్టిన విమానానికి మళ్లీ మళ్లీ రంగు వేయక తప్పదు. పాత రంగు, దాని మీది రాతలు, గీతలు ఆ రంగు కిందికి పోతాయి. మనం మామూలుగా తీసుకున్న ఫోటోలోనే పాత గుర్తు మిగిలి ఉండొచ్చు. కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం ముందున్న మారుత్‌కైనా, ఢిల్లీ పాలం మ్యూజియంలో ఉన్నదానికైనా ఇదే మాట. మ్యూనిక్ దగ్గర ష్లైస్‌హైమ్‌లో కూడా ఒక మారుత్ ఉంది. టాంక్ పుట్టిన దేశంలో మన బెంగళూరు చేతిపని.

ఈసారి పిల్లల్ని తీసుకుపోయినప్పుడు సెల్ఫీ తీసుకోండి, వద్దనను. తర్వాత రెండడుగులు పక్కకు జరిగి, విమానాన్ని కూడా ఒకటి తీయండి. ఏ తేదీన, ఎక్కడ తీశారో రాసిపెట్టండి. మీ ఇంట్లో ఫ్యాక్టరీకి పోయిన పెద్దలు ఇంకా ఉంటే, ఆ ఫోటో వాళ్ల ముందు పెట్టి, ఇందులో మీ పని ఎక్కడుందని అడగండి. మేము ఆ మాట ఆలస్యంగా అడిగాం. రివెట్ల ఫోటో ఇప్పుడు తాత పటం పక్కన ఉంది. ఆయన చూడలేదు.